రెండొందల నలభయ్యో రోజు

"దిలీప్ ఇంట్లో నేడమ్మా!"

ఉషారాణి ఇంకా తలుపు కొట్టనే లేదు. సైకిల్‌కి స్టాండు వేసి, సంచీలోంచి ఉత్తరాలకి సంతకాలు తీసుకునే పియూన్ బుక్ బయటికి తీసిందో లేదో, పక్క రైల్వే క్వార్టర్ గుమ్మంలో గోంగూర ఒలుచుకుంటున్న మంగాయమ్మ అక్కణ్ణుంచే కేకేసి చెప్పేసింది.

"నేను దిలీప్ గారి కోసం వచ్చానని మీకెలా తెలుసండీ?"

మంగాయమ్మ కాస్త తడబడింది. వెంటనే సర్దుకుంది. "చేతిలో బుక్కుంది కదేటి! బుక్కట్టుకుని ఈ లైన్లోకి ఎవరొచ్చినా మేం చెప్పే మాట అదే తల్లీ. నలభై ఏళ్ళ నుంచీ అదే చెప్తన్నాం."

ఈలోగా తలుపు దానంతటదే తెరుచుకుంది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, భుజాన తువ్వాలు, నోట్లో సగం నమిలిన పకోడీ. పాతికేళ్ళ కుర్రాడు ఆమెని చూశాడు. పకోడీ నమలడం మర్చిపోయాడు.

"ఎవరు కావాలండీ?"

"దిలీప్ కుమార్. టోకెన్ నంబర్ నలభై ఏడు. నేను బిస్కట్ కంపెనీ నుంచి వచ్చాను."

"ఓ, వాడా!" అన్నాడతను పకోడీ మింగేసి. "వాడు లేడండీ. నేను వాడి కజిన్ని. చిన్నారావు. విజయనగరం నించొచ్చాను, మొన్ననే."

లోపల వంటింట్లో గిన్నె ఒకటి ఖంగుమని కిందపడింది. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"ఎప్పుడొస్తారు?"

"ఎవరండీ?"

"దిలీప్ గారండీ!"

"వాడి సంగతి చెప్పలేమండీ. పరమ తిరుగుబోతు. మీరు కూర్చోండి, టీ తాగుతారా?"

"నేను టీ తాగడానికి రాలేదు. సంతకం కోసం వచ్చాను" అంది ఉష కచ్చితంగా. అనడం పూర్తయిందో లేదో బిలాస్‌పూర్ వాన దబదబా కురిసేసింది. ఆగస్టు నెల, ఆపేవాడెవడు? ఉష సైకిల్ వరండాలోకి వచ్చింది, ఉష వచ్చింది, ఆమె చేతిలోకి టీ గ్లాసూ వచ్చింది. టీలో అల్లం బాగా దంచి వేశారు. బాగుందని చెప్పకుండా ఉండలేకపోయింది.

ఇక్కడ అసలు సంగతి కాస్త చెప్పాలి.

అది పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది. లింగియాడీహ్ దాటాక ఉన్న ఆ బిస్కట్ కంపెనీలో ఉష టైపిస్టు. ఏడాదిలో రెండొందల నలభై రోజులు పనిచేసిన మనిషిని ఊరికే చీటీ చేతిలో పెట్టి పొమ్మనడం చట్టం ప్రకారం కుదరదు. ఎందుకు తీస్తున్నారో రాసి నెల ముందు చెప్పాలి, లేదా ఆ నెల జీతం ముందే ఇవ్వాలి, పరిహారం వేరే ఇవ్వాలి. ఈ బాదరబందీ ఎందుకని, ఆ కంపెనీలో ఎవరికైనా రెండొందల ముప్ఫై రోజులు నిండగానే మేనేజర్ దూబే సాబ్ ఒక లైను ఉత్తరం టైప్ చేయించేవాడు. 'మీ సేవలు ఇకపై అవసరం లేదు.' పోస్టులో వేస్తే ముద్ర మీద అసలు తేదీ పడుతుందని, తనకి నచ్చిన తేదీ వేసి చేతికిప్పించేవాడు. పదిహేను రోజులాగి మళ్ళీ కొత్తవాడిలా చేర్చుకుంటే చేర్చుకున్నట్టు, లేకపోతే లేదు.

ఈసారి ఆ వంతు ఓవెన్ ఫిట్టర్ దిలీప్‌ది. గాలి పసిగట్టినట్టు పదహారో తారీకు నుంచీ మనిషి పత్తా లేడు. సిక్ అని చీటీ పంపాడు. పియూన్ అమ్మన్నని రెండుసార్లు పంపితే, "ఇంట్లో ఎవులూ నేరు సాబ్" అని చేతులూపుకుంటూ వచ్చాడు. అమ్మన్నదీ రైల్వే కాలనీయే, వాడేం చెప్తాడు మరి!

"ఇరవయ్యేడు, శనివారం దాకా నీకు గడువు. ఇరవై తొమ్మిది సోమవారం లేబర్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఈలోగా ఈ ఫైలు మూసెయ్యాలి" అన్నాడు దూబే సాబ్ ఉషతో. "నువ్వే వెళ్ళి సంతకం తీసుకురా. తేలేకపోయావో, దానితోపాటు ఇంకో ఉత్తరం టైప్ చేద్దువుగాని. నీ పేరు మీద."

ఉష ఇంట్లో వచ్చేది ఆ ఒక్క జీతమే. అందుకని సైకిలెక్కింది.

ఆమెకి తెలియనిది ఒకటుంది. దిలీప్ తండ్రి గోవిందరావు గూడ్సు బండి డ్రైవరు. డ్యూటీ పడితే రైల్వే వాళ్ళు మనిషి చేత కాల్‌బుక్ ఇంటికి పంపిస్తారు. దాని మీద సంతకం పెడితే డ్యూటీకి ఒప్పుకున్నట్టు. ఒళ్ళు బాగాలేకో, ఇంట్లో పేరంటముండో వెళ్ళలేని రోజున మగవాళ్ళు పెరటి గోడ దూకడం, ఆడవాళ్ళు "ఇంట్లో నేరు" అనడం ఆ లైన్లో తరతరాల విద్య. పుస్తకం కనిపిస్తే చాలు, కాలనీ మొత్తం ఒక్క మాట మీద నిలబడిపోతుంది.

పాపం, ఉష అది తెలియక శుక్రవారం మళ్ళీ వెళ్ళింది.

"నేడమ్మా!" అంది మంగాయమ్మ వీధి మొదట్లోనే.

"తెలుసండీ, చిన్నారావు గారున్నారా?"

మంగాయమ్మ గోంగూర కట్ట కిందపెట్టి ఆ పిల్ల ముఖంలోకి పరీక్షగా చూసింది. "ఉన్నాడు, ఉన్నాడు. వాడు ఎప్పుడూ ఉంటాడు" అంది.

సోమవారమూ అంతే. కాజాలు పెట్టి, ఎదురుగా కూర్చుని, చిన్నారావు ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాడు. ఆమె చెప్పేది. చెప్పకూడదనుకుంటూనే చెప్పేసేది. తను పుట్టింది గుంటూరనీ, నాన్న తనని నాలుగేళ్ళప్పుడు ఇక్కడికి తెచ్చారనీ, తెలుగు చదవడం మాత్రం ఇప్పటికీ కూడబలుక్కోవాలనీ. మాట్లాడుతున్నంతసేపూ అతను ఆమె వంకే చూసేవాడు. ఆమె తలెత్తగానే కంగారుగా వానని చూసేవాడు. వాన లేని రోజున కూడా వానని చూసేవాడు!

"మీ కజిన్ లాంటి మనిషిని నేనెక్కడా చూళ్ళేదండీ" అంది ఉష కాజా కొరికి. "ధైర్యముంటే ఎదురుగా వచ్చి తీసుకోవాలి. ఆడవాళ్ళ వెనక దాక్కోవడమేమిటి? పిరికిపంద!"

"నిజమేనండీ" అన్నాడు చిన్నారావు తలొంచుకుని. "ఇంకా తిట్టండి. వాడికి అలాగే కావాలి."

"అందగాణ్ణని గర్వమేమో!"

"ఆ మాట మాత్రం వాడికి తప్పకుండా చెప్తానండీ."

బుధవారం సాయంత్రం నాలుగింటికి ఆ నాటకం కాస్తా బయటపడింది.

తిరిగి వెళ్ళబోతుంటే ఉష సైకిల్ చైను ఊడింది. సన్నగా జల్లు. చిన్నారావు గొడుగు ఆమె చేతికిచ్చి, కింద కూర్చుని, ఫుల్ హ్యాండ్స్ మోచేతుల దాకా మడిచాడు. ఉష గొడుగు అతని మీదికి వంచబోయి ఆగిపోయింది. కుడి ముంజేతి మీద పక్కపక్కనే మూడు కాలిన గీతలు!

జూన్ నెలలో ప్రమాదాల రిజిస్టర్ ఆమే రాసింది. ఓవెన్ ట్రే తగిలి కుడి ముంజేతికి మూడు చోట్ల కాలింది. టోకెన్ నంబరు కూడా ఆమె చేత్తో వేసిందే. ఆఫీసుకి ముందు గేటు, షెడ్డుకి వెనక గేటు. ఎనిమిది నెలల్లో ఆమె ఆ మనుషుల నంబర్లే చూసింది తప్ప ముఖాలు చూడలేదు.

రెండడుగులు వెనక్కి వేసి, గేటు దగ్గర హాజరు పిలిచే జమాదారు గొంతుతో గట్టిగా పిలిచింది.

"టోకెన్ నంబర్ ఫార్టీ సెవెన్!"

"హాజిర్!" అంటూ చిన్నారావు లేచి నిటారుగా నిలబడ్డాడు.

నిలబడ్డాక గాని ఏం చేశాడో అతనికి తెలియలేదు. చేతినిండా గ్రీజు, ముఖం నిండా కంగారు. మంగాయమ్మ "అయిపోనాది!" అని లోపలికి పరుగెత్తింది.

"సిగ్గు లేదూ మీకు?" అంది ఉష. "నా చేత మిమ్మల్నే మీ ఎదురుగా తిట్టించారు. నేను, నేనేమో పిచ్చిదాన్లా మా ఇంటి సంగతులన్నీ..."

"అరే యార్, ఏడవకండి ప్లీజ్! మొదటిరోజే చెప్పేద్దామనుకున్నానండీ. చెప్తే మళ్ళీ రారు కదా." దిలీప్ చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "ఓవెన్ షెడ్డుకి అవతలి గోడే మీ ఆఫీసు. ఎనిమిది నెలల నుంచీ మీ టైపు మిషను చప్పుడు వింటున్నాను. లైను చివర టింగ్ మంటుందే, అది వినిపించని రోజు మీరు రాలేదేమోనని కంగారు. మాట వినడం మాత్రం ఇప్పుడే. తిట్లైతే ఏటి, బాగున్నాయి!"

ఉషకి కోపం కొండంత వచ్చింది. అందులోనే నవ్వు కూడా వచ్చింది. రెండోది బయటపడనివ్వలేదు.

అప్పుడే గోవిందరావు లోపల్నుంచి వచ్చాడు. యూనిఫాం చొక్కా, లుంగీ, పెద్ద మీసం. వెనకాల చెంగుతో నోరు మూసుకుని దిలీప్ తల్లి కనకం.

"చూడమ్మా, కోపగించుకోకు" అన్నాడాయన. "ఇది రూల్సు మాట. కాల్‌బుక్ మీద సంతకం పడందే డ్యూటీ నేదు. లెటర్ మీద సంతకం పడందే డిస్మిస్ నేదు. శుక్రవారం దాకా ఇలగే నెట్టుకొచ్చీస్తే ఆ పది రోజులూ నిండిపోతాయి. రెండొందల నలభై. అప్పుడు మావోణ్ణి ఎవడూ కదపనేడు."

ఉష ఆయన వంక తెల్లబోయి చూసింది.

"దాక్కున్న రోజులు ఎలా నిండుతాయి బాబాయిగారూ?"

"అదేటమ్మా, సిక్‌లో ఉన్నా సర్వీసు సర్వీసే కదా!"

"అది మీ రైల్వేలో, పర్మనెంటు వాళ్ళకి. ఇక్కడ జీతం లేని సెలవు లెక్కలోకి రాదు. పదిహేనో తారీకుకి ఈయనకి రెండొందల ముప్ఫై. ఇవాళ కూడా రెండొందల ముప్ఫయ్యే. వచ్చే నెల దాకా దాక్కున్నా అంతే. దూబే సాబ్ ఈ మాట చెప్పి నవ్వుకుంటున్నాడు కూడా."

గోవిందరావు మెల్లిగా స్టూలు మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు బండి నడిపిన మనిషి. కొడుక్కి తను చెప్పింది తప్పుదారని మొదటిసారి తెలిసింది. "నేనే పాడుచేసీసినాను" అన్నాడు కనకంతో. కనకం కళ్ళు తుడుచుకుంది.

దిలీప్ మాత్రం ఉషనే చూస్తున్నాడు. "సంతకం లేకుండా వెళ్తే మీకేమవుతుంది?"

"ఏమీ కాదు" అంది ఉష. పియూన్ బుక్ సంచీలో పడేసి, అతను ఎక్కించిన చైనుతోనే సైకిలెక్కి వెళ్ళిపోయింది. అతని చేతికి ఆ ఉత్తరం ఇవ్వడానికి ఆమెకి చెయ్యి రాలేదు. ఇవ్వకుండా వచ్చినందుకు దారంతా భయం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ. ఆఫీసుకి నెలనెలా ఒక లేబర్ లా పత్రిక వస్తుంది. దూబే సాబ్ దాని చుట్టూ ఉన్న కాగితం కూడా చింపడు. బీరువా మీద కుప్పగా పడుంటాయి. ఉష ఆ కుప్పని కిందికి దింపి, అన్నం డబ్బా పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే చింపి చదవడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి దొరక్కపోతుందా!

దొరికింది.

ఢిల్లీలో పెద్ద కోర్టు మూడేళ్ళ క్రితమే తేల్చేసిందట. జీతం ఇచ్చిన ఆదివారాలూ, పండగ సెలవులూ కూడా ఆ రెండొందల నలభైలోకి వస్తాయని!

ఉష అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దిలీప్ నెలజీతగాడు. ఆదివారానికీ జీతం వస్తుంది. చెయ్యి కడుక్కోకుండానే హాజరు పుస్తకం లాగింది. నవంబరు పద్దెనిమిదిన చేరాడు. పనిచేసింది రెండొందల ముప్ఫై. ఆదివారాలు ముప్ఫై తొమ్మిది. జనవరి ఇరవయ్యారు, హోలీ, ఆగస్టు పదిహేను, ఈ సెలవులు మూడు. మొత్తం రెండొందల డెబ్భై రెండు!

మళ్ళీ లెక్కపెట్టింది. అంతే వచ్చింది. కుర్చీలోంచి లేచి, గది చుట్టూ ఒక్కతే రెండుసార్లు తిరిగింది. ఆ మనిషి నెల క్రితమే గట్టెక్కేశాడు! గోడ దూకిన వాడికీ తెలీదు, తరుముతున్న వాళ్ళకీ తెలీదు! ఇప్పుడే సైకిలెక్కి వెళ్ళి చెప్పేయాలనిపించింది. కానీ ఇన్‌స్పెక్టర్ కోసమని దూబే సాబ్ ఆ రోజు పొద్దుపోయేదాకా రిజిస్టర్లు రాయించాడు. శనివారం ఉదయం నుంచీ కుర్చీ వదలనివ్వలేదు.

శనివారం నాలుగు గంటలు. "సంతకం?" అన్నాడు దూబే సాబ్.

"దొరకలేదు సాబ్."

"అయితే కాగితం ఎక్కించు. పైన మిస్ ఉషారాణి అని కొట్టు."

ఉష కాగితం ఎక్కించింది. తన పేరు తనే కొట్టింది. చెప్పాల్సిన మాట నాలిక చివర ఉంది, అయినా ఆగింది. కంపెనీ తీసేసిందనడానికి దిలీప్ చేతిలో కాగితం ముక్క ఉండాలి. అది లేకపోతే ఈ లెక్క వినగానే దూబే సాబ్ ఏం రాస్తాడో ఆమెకి తెలుసు. 'పదకొండు రోజులుగా రావడం లేదు, తనే మానేశాడు' అని. సర్వీసు ఎంతున్నా అప్పుడు కోర్టుల చుట్టూ తిరగాల్సిందే.

సరిగ్గా అప్పుడే ముందు తలుపు దభాలున తెరుచుకుంది. తల నుంచి కాళ్ళ దాకా తడిసి, నీళ్ళు కారుతూ దిలీప్!

"దూబే సాబ్, నా లెటర్ నాకివ్వండి. అమ్మన్న అంతా చెప్పాడు. ఆవిణ్ణేమీ అనకండి. నేను సంతకం పెట్టేస్తాను."

ఉష కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. "పెట్టండి! ముందు సంతకం పెట్టండి!"

దిలీప్ ఆమె వంక చూశాడు. వద్దంటుందనుకున్నాడు పాపం. కనీసం కళ్ళలో నీళ్ళు తిరుగుతాయనుకున్నాడు. ఈవిడేమో పెన్ను మూత తీసి మరీ అందిస్తోంది.

"పెడతానండీ. అందుకే వచ్చాను" అన్నాడు చిన్నబోయిన గొంతుతో.

"తేదీ కూడా. అందులో టైపైన పదమూడు కాదు, ఇవాళ్టిది, ఇరవయ్యేడు. టైము కూడా వెయ్యండి."

"టైము కూడానా?"

"కూడా! మీ కాపీ మీరు తీసుకుని జేబులో పెట్టుకోండి. లోపలి జేబులో, తడవకుండా!"

దిలీప్ సంతకం పెట్టాడు. కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ ఉద్యోగం జాగ్రత్తండీ" అని తలుపు వైపు తిరిగాడు. దూబే సాబ్ చిరునవ్వుతో ఫైలు మూశాడు.

"ఆగండి!" ఉష టైపు మిషనులోంచి తన పేరున్న కాగితాన్ని సర్రున లాగి ఉండచుట్టింది. "సాబ్, ఈయనకి జీతం ఇచ్చిన ఆదివారాలు ముప్ఫై తొమ్మిది. సెలవులు మూడు. వాటితో కలిపి రెండొందల డెబ్భై రెండు. నెల నోటీసు లేదు, పరిహారం లేదు, కారణం లేదు. మీరు తీసేసినట్టు మీ సంతకంతో కాగితం ఆయన జేబులో ఉంది. సోమవారం ఇన్‌స్పెక్టర్ గారు వస్తారు."

దూబే సాబ్ నవ్వాడు. ఉష పత్రిక తెరిచి ముందుపెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు.

"ఈ పత్రిక ఎవరు తెప్పిస్తున్నారు?"

"మీరే సాబ్."

ఆయన దిలీప్ వైపు చెయ్యి చాచాడు. గొంతులో తేనె కారింది. "బేటా, ఆ కాగితం ఓసారి ఇలా ఇవ్వు."

దిలీప్‌కి అప్పటికి గాని బుర్రలో దీపం వెలగలేదు. వెలిగాక ముఖం చూడాలి! "ఏ కాగితం సాబ్?" అన్నాడు జేబు మీద చెయ్యేసి.

కంపెనీ యజమాని సేఠ్‌జీకి ఫోను వెళ్ళింది. అవతల కేకలు ఇవతలికి వినిపించాయి. పదినిమిషాల తర్వాత దూబే సాబ్ నీరసంగా చెప్పాడు, ఉష టకటకా కొట్టింది. 'పదమూడో తారీకు ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాం. సోమవారం నుంచి డ్యూటీకి రావలెను.' మూడు కార్బన్లు పెట్టి కొట్టింది, ఒక్క తప్పు లేకుండా.

సంతకం చేస్తూ దూబే సాబ్ తలెత్తకుండా అన్నాడు. "వాడి లెక్క చూశావు, బాగుంది. నీ లెక్క కూడా చూసుకున్నావా? ఇన్‌స్పెక్టర్‌ని వెళ్ళనీ. తర్వాత మాట్లాడుకుందాం."

బయట సైకిల్ షెడ్డు రేకుల మీద వాన హోరు. దిలీప్ నవ్వుతున్నాడు, ఊరికే నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"సంతకం పెట్టమని మీరరిచినప్పుడు నా ప్రాణం పోయిందండీ! మీకు మీ ఉద్యోగమే ముఖ్యమనుకున్నాను."

"ముఖ్యమే" అంది ఉష. "మా ఇంట్లో ఉన్నది అదొక్కటే."

"మరెందుకిలా చేశారు?"

ఉష కాసేపు వానని చూసింది. "మా నాన్న సదర్ బజార్‌లో ఒక నూనె మిల్లులో పదకొండేళ్ళు గుమాస్తా. ఒకరోజు రేపట్నుంచి రావద్దన్నారు. ఎందుకో చెప్పలేదు. కాగితం కూడా లేదు. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా అలాగే కూర్చుండిపోయారు. మొన్న మీ వరండాలో మీ నాన్నగారు స్టూలు మీద కూర్చున్నారు చూడండి, అచ్చం అలాగే. నావల్ల కాలేదు."

దిలీప్ నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చాడు. "మీకెన్ని రోజులైంది?"

"జనవరి నాలుగున చేరాను. ఆదివారాలతో కలిపి ఇవాళ్టికి రెండొందల ముప్ఫై ఏడు. మంగళవారం సాయంత్రానికి నిండుతుంది. అప్పటిదాకా ఉంచితే."

"ఉషా గారూ" అన్నాడు దిలీప్. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఉష గుండె టైపు మిషను కంటే గట్టిగా కొట్టుకుంది. అవునని నోటిదాకా వచ్చింది. ఆపుకుంది.

"ఇప్పుడడక్కండి."

"అచ్ఛా, మరెప్పుడు?"

"మంగళవారం ఐదింటికి. ఇప్పుడు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందని భయపడి ఒప్పుకున్నట్టుంటుంది. మీరడిగినా నాకోసం జాలిపడి అడిగినట్టుంటుంది. రెండూ నాకొద్దు."

"నేను జాలిపడే మనిషినాండీ? పిరికిపందని, అందగాణ్ణి!"

ఈసారి ఉష నవ్వు దాచుకోలేదు.

ఆదివారం కాలనీలో గోవిందరావు వరండాలో సభ జరిగింది. "ఇన్నాళ్ళూ దాక్కోడం నేర్పినాను. తప్పు నాదే" అన్నాడాయన. "ఆ గుంట ఉష రెండ్రోజులు డ్యూటీలో ఉండాల. అంతే. మనం చెయ్యగలిగిందేటి?" అమ్మన్న మూల కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ, "నాను చూసుకుంటాను బావా" అన్నాడు. ఎలా అని ఎవరడిగినా చెప్పలేదు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, సాయంత్రం దాకా రిజిస్టర్లు తిరగేశాడు, వెళ్ళాడు. మంగళవారం రెండింటికి దూబే సాబ్ పిలిచాడు.

"కాగితం ఎక్కించు. నీ పేరు మీద."

"ఏ ఉత్తరమైనా కొడతాను సాబ్. నన్ను తీసేసేది మాత్రం నేను కొట్టను."

దూబే సాబ్ మండిపడ్డాడు. తనకి టైపు రాదు. చేత్తో రాస్తే సేఠ్‌జీ ఒప్పుకోడు. చిత్తుప్రతి రాసి అమ్మన్న చేతిలో పెట్టి, "సదర్ బజార్‌లో టైపు చేయించి గంటలో రా!" అన్నాడు.

అమ్మన్న రెండున్నరకి బయల్దేరాడు. మూడున్నరయింది. ఉషకి అక్షరాలు కనపడటం లేదు, గోడ గడియారం ఒక్కటే కనపడుతోంది. నాలుగయింది. బయట సైకిల్ బెల్లు మోగితే తలుపు వైపు తిరిగింది. పాలవాడు. నాలుగున్నర. దూబే సాబ్ గుమ్మంలోకీ కుర్చీలోకీ తిరుగుతున్నాడు. నాలుగూ యాభై. ఉష చేతులు కట్టుకుని కూర్చుంది.

సైరన్ మోగింది. ఐదు! ఉష హాజరు పుస్తకంలో ఆ రోజు గడి నింపింది.

ఐదూ పదికి అమ్మన్న ఒళ్ళంతా బురదతో వచ్చాడు. "టైపిస్టు భోజనానికి పోనాడు సాబ్. వచ్చాక కరెంటు పోయింది."

"టైపు మిషనుకి కరెంటెందుకురా?"

"ఆ మబ్బుకి చీకటి కమ్మీసింది సాబ్. అక్షరాలు కనిపించద్దా ఆయనకి?"

దూబే సాబ్ కవరు లాక్కున్నాడు. ఉష వైపు చూశాడు. బీరువా మీది పత్రికల వైపు చూశాడు. కవరుని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేసి, "రేపు తొమ్మిదింటికి వచ్చెయ్" అన్నాడు.

ఉష గేటు దాకా పరుగెత్తింది. వాన వెలిసింది. ముందు గేటు దగ్గర, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలో దిలీప్. కాస్త దూరంగా రిక్షాలో కనకం, గోవిందరావు, పిలవకపోయినా మంగాయమ్మ.

"ఐదయింది" అన్నాడు దిలీప్.

"ఐదుం పావు" అంది ఉష ఆయాసపడుతూ. "పదండి, మా ఇంటికి. ముందు నాన్నకి చెప్పాలి."

"జవాబో?"

"అక్కడే."

తెలిపారా సందులో ఆ చిన్న ఇంటి ముందు రెండు సైకిళ్ళూ, వెనకాల రిక్షా ఆగాయి. ఉష నాన్న రాఘవయ్య గారు వాకిట్లో కూర్చుని ఎవరిదో దుకాణం చిట్టా రాస్తున్నారు. కూతురు పరుగెత్తుకొచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడింది.

"నాన్నా, రెండొందల నలభై నిండాయి! ఇక నన్ను ఊరికే పొమ్మనలేరు."

ఆయన పెన్ను ఆగిపోయింది. "అంటే, రేపట్నుంచి రావద్దని నోటిమాటగా..."

"అనలేరు నాన్నా. కారణం చెప్పాలి. నోటీసివ్వాలి. కాగితం మీద రాసివ్వాలి."

"నోటిమాటగా అనలేరా?" అని ఆయన మళ్ళీ అడిగారు, చిన్నపిల్లాడిలా. ఆమె తలూపింది. ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టారు. కళ్ళు తుడుచుకున్నాక, వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి అప్పుడు చూశారు.

"ఈ అబ్బాయెవరమ్మా?"

"దిలీప్ గారని, మా కంపెనీయే. ఈయన్ని కూడా ఊరికే తీసెయ్యలేరు నాన్నా." ఉష ముఖం ఎర్రబడింది. అయినా తలదించకుండా, దిలీప్ వైపే చూస్తూ చెప్పింది. "వాళ్ళూ తీసెయ్యలేరు. నేనూ తీసెయ్యలేను."

దిలీప్ నోరు తెరిచేలోగా, వెనకాల రిక్షాలోంచి మంగాయమ్మ, "ఒప్పీసుకుందర్రా!" అని సందంతా వినపడేలా అరిచింది.

రాఘవయ్య గారు లేచి నిలబడ్డారు. కూతుర్నీ, ఆ కుర్రాణ్ణీ, రిక్షా దిగుతున్న పెద్దవాళ్ళనీ మార్చి మార్చి చూశారు. తర్వాత వాకిట్లో కుర్చీ గోడ పక్కకి జరిపి, అందరికీ దారిచ్చారు.

"రండి బాబూ" అన్నారు దిలీప్‌తో. "చెప్పులు విప్పి లోపలికి రండి."